తేదీ మీ ఇష్టం, ఊరు మా ఇష్టం

ఎక్కడికి వెళ్లాలో ముందే తెలిసినవాడంత దౌర్భాగ్యుడు లోకంలో మరొకడు లేడు. వాడు నెలల ముందే టికెట్టు కొంటాడు, నిండు ధర కడతాడు, తీరా చూస్తే అనుకున్న ఊరికే చేరతాడు. అందులో సరదా ఏముంది? తపాలా కవరు కూడా ఆ పని చేస్తుంది.

నా మాట మీద నమ్మకం లేకపోతే మా బావగారిని చూడండి. మా పెద్దక్క భర్త. ఆయనకు సొంతంగా కళ్లద్దాల షాపుంది. పైన యజమాని లేడు, కింద పనివాడు లేడు. అంటే ఆయన షెడ్యూలు రబ్బరు బ్యాండు లాంటిదన్నమాట. ఆఖరి నిమిషం దాకా అమ్ముడుపోని సీట్లను అయినకాడికి తెగనమ్మే యాప్ ఒకటి ఆయన ఫోనులో ఉంది. అది టింగుమనడమే తరువాయి, షాపు షట్టరు దిగిపోతుంది.

ఓసారి ఒక మాస్టారికి ఎడమకంటి అద్దం బిగించి, కుడికంటిది చేతిలోకి తీసుకోగానే ఫోను టింగుమంది. బావగారు తిరిగొచ్చేదాకా మాస్టారు ఒంటికంటితోనే పరీక్ష పేపర్లు దిద్దారు. ఎడమ పేజీలు చదివి, కుడి పేజీలకు అందాజుగా మార్కులు వేశారు. ఆ ఏడాది క్లాసులో ఫెయిలైనవాడు లేడు. సమాజానికి ఇంతకన్నా సేవ ఏం కావాలి?

ఇక అక్క. ఆవిడ వంతు సూట్‌కేసు సర్ది తలుపు పక్కన ఉంచడం. స్వెట్టర్లూ, ఈతబట్టలూ, గొడుగూ, నల్లకళ్లద్దాలూ అన్నీ అందులోనే సఖ్యంగా ఉంటాయి. వెళ్లేది మంచులోకో ఇసుకలోకో ఎవరికి తెలుసు కనుక?

కిందటిసారి సరస్సు ఒడ్డున రిసార్టుకు డీల్ తగిలింది. తీరా వెళితే రిసార్టుంది, ఒడ్డుంది, సరస్సే లేదు. పూడిక తీయడానికి నీళ్లన్నీ వదిలేశారట. ఇద్దరూ బురదలో ఒరిగిన పడవెక్కి, చేతుల్లో తెడ్లు పట్టుకుని ఫొటో దిగారు.

"మునిగిపోతామన్న భయం లేదు, చూశావా?" అన్నారట బావగారు.

"మునగాల్సినంతా బయల్దేరినప్పుడే మునిగాం కదండీ," అందట అక్క.

ఇలా సాగుతుండగా మా చిన్న చెల్లెలికి పెళ్లి కుదిరింది. మా ఊరికీ బావగారి ఊరికీ ఓ రాత్రీ పగలూ రైలు ప్రయాణమంత దూరం. చెల్లెలు అక్క చంకలో పెరిగిన పిల్ల. తేదీ తెలిసిన రోజే అక్క, "ఏవండీ, టికెట్లు తీసుకోండి," అంది.

బావగారు జాలిగా నవ్వారు. "తొందరపడ్డవాడు టికెట్టు కొంటాడు. ఓపిక పట్టినవాడు డీల్ కొడతాడు."

ఓపిక పట్టారు. ధర పెరిగింది. ఇంకా ఓపిక పట్టారు. ధర ఇంకా పెరిగింది. చెట్టెక్కిన కోతి దిగకపోతుందా అని ఆయన ధీమా. కోతి దిగే సూచన కనిపించక, చివరికి మా నాన్నకు ఫోన్ చేశారు.

"మామయ్యగారూ, పెళ్లి ఆదివారమే చేయాలా? మంగళవారమైతే విమానం ఖాళీగా ఉంటుంది."

"మంగళవారమైతే పెళ్లిహాలు కూడా ఖాళీగానే ఉంటుంది, అల్లుడుగారూ. పెళ్లికొడుకు కూడా రాడు."

పెద్దవాళ్లలో ఫ్లెక్సిబిలిటీ బొత్తిగా లేదని బావగారు బాధపడ్డారు. ఆ మర్నాడు పొద్దున్నే అక్క తలుపు పక్కనున్న సూట్‌కేసు తెరిచి, ఈతబట్టలు తీసి మంచం మీద పెట్టి, పట్టుచీరలు సర్దుకుంది. రైలుకు నిండు ధర పెట్టి తనే టికెట్టు కొనుక్కుంది.

"రెండ్రోజులు ఆగితే సగానికి వస్తుంది," అన్నారు బావగారు గుమ్మంలో నిలబడి.

"రెండ్రోజులు ఆగితే నా చెల్లెలికి నేను అతిథినవుతానండీ," అని అక్క ఆటో ఎక్కింది.

ఓపికకు ఫలితం ఉంటుందని ఊరికే అన్నారా? పెళ్లి ముందురోజు మధ్యాహ్నం టింగుమంది. మా ఊరికే, కారుచౌకగా! కాకపోతే విమానం ముందు ఎదురు దిక్కుకు పోయి, అక్కడ ఇంకో విమానం మారి, మధ్యలో ఎక్కడో దింపేస్తే, ఆపైన బస్సు. ముక్కును తల చుట్టూ చెయ్యి తిప్పి పట్టుకోవడమే, కానీ ముక్కయితే దొరుకుతుందిగా. ఆ సంబరంలో బావగారు పక్క సీటాయనకు డీల్ గొప్పదనం వివరించారు. ఆయన కూడా డీల్ మీద వచ్చినవాడే, ఎక్కడికి పోతున్నాడో సరిగా చెప్పలేకపోయాడు.

బస్సు దిగి పెళ్లిహాలుకు చేరేసరికి పనివాళ్లు కుర్చీలు ఒకదానిలో ఒకటి పేరుస్తున్నారు. పెళ్లికూతురు అత్తవారింటికి వెళ్లిపోయింది. "కాళ్లు కడుక్కుని రండి, భోజనం దాచాను," అంది అక్క, అంతే. ఆవిడ కోప్పడకపోవడం చూసి బావగారు గండం గడిచిందనుకున్నారు.

నెల తిరక్కుండా ఆల్బం వచ్చింది. షాపు బల్ల మీద పరిచి ఇద్దరూ చూస్తున్నారు, దాన్ని పట్టుకెళ్లిన నేనూ అక్కడే ఉన్నాను. కుటుంబమంతా వరసగా నిలబడ్డ పెద్ద ఫొటో దగ్గర బావగారు ఆగిపోయారు. కళ్లద్దాలు తుడుచుకుని చూశారు. అవి తీసి, ఇంకో జత పెట్టుకుని చూశారు.

"నీ పక్కన ఈ పెద్దమనిషెవరు?"

"లైట్లు పట్టుకునే ఆయన. వరసలో ఖాళీ ఉంటే బాగోదన్నారు ఫొటోగ్రాఫరు గారు. ఎంతసేపని ఆగుతాం? ఆ నిమిషానికి ఎవరు దొరికితే వాళ్లేనని పిలిచాను."

బావగారు ఇంకా కిందికి వంగారు. "ఆ కోటు నాది కదూ?"

"మీదే. ఇస్త్రీ చేయించి తీసుకెళ్లాను. వస్తారనుకున్నాను."

బావగారు ఆ జత కూడా తీసి బల్ల మీద పెట్టారు. చివరికి, "భుజాల దగ్గర ఆయనకే బాగా కుదిరింది," అన్నారు మెల్లిగా.

కాబట్టి పాఠక మహాశయులారా, తేదీలు పట్టుకుని వేలాడకండి. ఖాళీ సీటును ఆఖరి నిమిషంలో ఎవరో ఒకరితో నింపేస్తారు, ఇది డీల్ శాస్త్రంలో మొదటి సూత్రం. అది విమానాలకే వర్తిస్తుందని మా బావగారు పొరబడ్డారు, అంతకుమించి ఏ నష్టమూ లేదు. టికెట్టు మాత్రం, ఒప్పుకుని తీరాలి, చాలా చౌక.