దర్జీ తీసిన దొంగ కొలతలు

దర్జీగారికి అనుమానం చొక్కా బొత్తాం లాంటిది. ఒకటి ఊడితే వెంటనే ఇంకోటి కుట్టుకుంటాడు.

పక్క వీధిలో దొంగలు పడ్డారని విన్న రోజే, భార్యకు వాళ్లమ్మ ఇచ్చిన బంగారు గొలుసు తీసి, ఎవరూ పట్టుకెళ్లని పాత నల్లకోటు లైనింగులో పెట్టి కుట్టేశాడు. ఆవిడకు కూడా చెప్పలేదు. గోడలకు చెవులుంటాయి, ఆవిడకు తమ్ముడున్నాడు!

అంతటితో ఆగాడా? రోజూ ఇద్దరూ దుకాణానికి బయల్దేరేటప్పుడు, ఆవిడ నాలుగడుగులు వేయగానే గడప లోపల దోసెడు పిండి చల్లి తాళం వేసేవాడు. మలుపు దాకా వెళ్లి, వెనక్కొచ్చి తాళం లాగి చూస్తే గాని ఆయన కాలు ముందుకు పడేది కాదు. మధ్యాహ్నం ఆవిడకంటే ముందొచ్చి పిండి ఊడ్చేసేవాడు.

ఏడో రోజు ఇద్దరూ కలిసే వచ్చారు. తలుపు తీస్తే పిండిలో అడుగులు! తిన్నగా కోటు దాకా వెళ్లి, తిన్నగా తిరిగొచ్చాయి.

"దొంగ! కదలకు!" అంటూ దర్జీ మెడలో టేపు తీసి వంగాడు. "పొడవు పది అంగుళాలు. మడమ తేలిక, మునివేళ్ల మీదే బరువంతా. పిలువు మీ తమ్ముణ్ణి!"

"వాడేం చేశాడండీ?"

"తాళంచెవి ఎక్కడుంటుందో వాడికి తెలుసు."

ఎదురింట్లో ఉండే తమ్ముడు వచ్చి కాలు చాపాడు. పదకొండు అంగుళాలు. వెంట వచ్చిన పక్కింటాయనవి తొమ్మిది.

దర్జీ కోటు అందుకుని లైనింగు చింపాడు. లోపల గొలుసు లేదు. అక్కడే చతికిలబడ్డాడు.

"మునివేళ్ల మీద బరువంటే కుట్టుమిషను తొక్కే కాలేమో," అంది ఆవిడ. "ఏదీ, మీ కాలు అక్కడ పెట్టండి."

పెట్టాడు. అంగుళం తేడా లేకుండా సరిపోయింది.

"పొద్దున నన్ను మలుపులో నిలబెట్టి వెనక్కొచ్చారు. తాళం చూడ్డానికి అంతసేపా?"

"కోటు కుట్టు ఊడలేదు కదా అని ఒక్కసారి చూద్దామని..." గొణిగాడు దర్జీ. "మరి గొలుసు?"

ఆవిడ కొంగు కాస్త జరిపింది. గొలుసు మెడలో మెరిసింది.

"నల్లకోటుకి నీలందారం వేస్తే నా కంట పడదా? ఆ రోజే విప్పి, మళ్లీ నీలందారంతోనే కుట్టా."

"నాకు చెప్పొద్దూ?"

"దాచినప్పుడు మీరు చెప్పారా?"

"బావా, కొలత ఎలాగూ తీశావు. జోళ్లు ఎప్పుడిస్తావ్?" అన్నాడు తమ్ముడు, చాపిన కాలు దించకుండానే.

ఆవిడ లోపలికెళ్లి ఖాళీ పిండి డబ్బాతో, చీపురుతో వచ్చింది. డబ్బా ఆయన ముందు బోర్లించి చూపించి, చీపురు చేతికిచ్చింది.

"వారం నుంచీ నా పిండి ఎవరెత్తుకుపోతున్నారా అని చూస్తున్నా. ఇవాళ్టికి అడుగులతో సహా దొరికాడు. ఊడవండి."