వీపు మీది పేరూ, వదిన చేతి క్రీమూ

మగవాడన్నాక పెళ్లికి ముందే వీపు మీద ఎవరో ఒక అమ్మాయి పేరు పచ్చబొట్టు పొడిపించుకుని తీరాలి. పెళ్లయ్యాక దాన్ని లేజరుతో తీయించుకోవాలి. కాపురం పచ్చగా ఉండాలంటే ఇంతకు మించిన మార్గం లేదు. నవ్వకండి, మా ఇంట్లోనే రుజువైంది.

మా అన్నయ్య కుడి భుజం వెనక కాలేజీ రోజుల నాటి పేరొకటి ఉండేది. ఆ పేరేమిటో ఇక్కడ రాయను. అంత అవస్థపడి చెరిపించాక నేను మళ్లీ అచ్చు వేయించడం న్యాయం కాదు. ఆయన చొక్కా విప్పినప్పుడల్లా వదిన గోడవైపు తిరిగి పడుకునేది. చివరికి ఒకరోజు, "ఆ పేరైనా ఉండాలి, నేనైనా ఉండాలి," అని తేల్చేసింది. అన్నయ్య లేజరుకు వెళ్లాడు.

అసలు యోగం అక్కడ పట్టింది. లేజరు పడ్డ చోట చర్మం కందిపోయి బొబ్బలెక్కింది. ఎండ తగలకూడదు, వేణ్నీళ్లు పడకూడదు, గోకకూడదు, పొక్కు గిల్లకూడదు, పూటపూటా మెత్తగా క్రీమ్ రాయాలి అంది డాక్టరమ్మ. గమనించారా? ఒక్కటి తప్ప అన్నీ చేయకూడనివే! ఆ ఒక్కటీ చేద్దామంటే పాపం ఆయన చెయ్యి అక్కడిదాకా అందదు.

వదిన చెయ్యి అందుతుంది. ఆవిడ బేకరీలో ఓవెన్ దగ్గర పని చేస్తుంది. పొద్దున్నే వెళ్లబోతూ ఒకసారి, మధ్యాహ్నం ఆదరాబాదరాగా వచ్చి ఒకసారి, గిన్నెలు కడిగాక మరోసారి రాసేది. ఏ పేరు చూస్తే ఒళ్లు మండేదో, ఆ పేరునే వేలికొసలతో అక్షరం అక్షరం నిమిరేది. ఇంతటి సవతి సేవ ఏ పురాణంలోనైనా ఉందా?

ఇక అన్నయ్య వైభోగం చెప్పాలా? ఎండ వంకతో బజారుకు వెళ్లడం మానేశాడు. చర్మం లాగుతోందంటే కాఫీ మంచం దగ్గరికే వచ్చేది. అమ్మ అట్టముక్కతో విసిరేది. నా గదిలోని టేబుల్ ఫ్యాన్ కూడా ఆ వీపుకే సమర్పించుకున్నాను. పక్కింటాయన పరామర్శకు వచ్చి, చొక్కా ఎత్తి చూసి, "బాగా పలచబడిందే," అని మెచ్చుకుని వెళ్లాడు.

సిట్టింగు తర్వాత సిట్టింగు, పేరు వెలిసిపోయింది. మొన్న ఆఖరి పూత. బోర్లా పడుకున్న అన్నయ్య విసుక్కున్నాడు.

"నీ చెయ్యేంటి, గరుగ్గా తగులుతోంది?"

"ఓవెన్ ట్రే తగిలి కాలింది. మచ్చ కట్టింది."

"ఎప్పుడు?"

"మీ రెండో సిట్టింగప్పుడు."

అన్నయ్య ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. "ముందే చెప్పొద్దా? ఇన్నాళ్లూ ఆ చేత్తోనా రాశావు? నాకు ఇన్ఫెక్షన్ వస్తే?"

ఆయన భయం ఆయనది, తప్పు పట్టలేం. నేను మాత్రం అప్పుడే చూశాను. వదిన అరచేతి నుంచి మణికట్టు దాకా నల్లగా కమిలిన మచ్చ. క్రీమ్ ట్యూబు ఇన్ని నెలలుగా ఆవిడ చేతిలోనే ఉంది. ఆ మచ్చ మీద ఒక్క చుక్క వేసిన వాళ్లు మా ఇంట్లో లేరు. నాకు సిగ్గేసింది.

సిగ్గేస్తే నేను చేయగలిగింది సలహా ఇవ్వడమే. "నువ్వూ ఒక పచ్చబొట్టు పొడిపించుకో వదినా. ఎవరి పేరైనా ఫర్వాలేదు. తర్వాత తీయించుకుంటే ఇంటిల్లిపాదీ నీకు సేవ చేస్తాం."

వదిన ట్యూబు మూత బిగించింది.

"పొడిపించుకుంటే చేతి మీదే పొడిపించుకుంటాలే," అంది. "వీపు మీదైతే నాకు అందదు."