మా తూముకు మూడు ప్రభుత్వాలు

ఊరికి ఒకే ప్రభుత్వం ఉండడమంత దరిద్రం ఇంకోటి లేదు! దేవుడి దయవల్ల మా ఊరికి ఆ లోటు లేదు.

కామారెడ్డి స్టేషనులో దిగే పత్రికల నిండా ఇప్పుడు ఫెడరేషను గొడవే. బ్రిటిషు రాష్ట్రాలూ సంస్థానాలూ కలవాలా, వద్దా? దీనికోసం పెద్దలు ఓడలెక్కి లండను దాకా పోయివచ్చారు. అంత ప్రయాస ఎందుకు? రైలు దిగి ఎల్లారెడ్డి బాట పట్టి మా ఊరికి వస్తే చాలదా!

మా చెరువుకట్ట సర్కారుది. కట్ట కింది పొలాలు దొరగారివి. మధ్యలో కాలువ హైదరాబాదులో ఉండే ఒక జాగీర్దారుది.

అమెరికాలో కేంద్రానికింత, రాష్ట్రాలకింత అని అధికారాలు పంచుకున్నారట. పంచుకుంటే తరిగిపోవూ? స్విట్జర్లాండులో పెద్ద సంగతి వస్తే జనాన్నే ఓటడుగుతారట. మా ముగ్గురు ప్రభువులూ వెట్టి చెప్పేటప్పుడు ఎవరినీ అడగరు. ముగ్గురికీ కోడి కావాలి, ముగ్గురికీ బండి కావాలి.

మరి చట్టంలో రాయకుండా మిగిలిన పని ఎవరిది? అమెరికాలో రాష్ట్రాలదట, కెనడాలో కేంద్రానిదట, మన కొత్త చట్టంలో వైస్రాయిగారు తేలుస్తారట. మా ఊళ్లో ఎలా తేలిందో చూడండి.

ఈ ఆశ్వయుజంలో తూము పూడింది. దొర పొలం కౌలుకు చేసే ముసలి సాలవ్వ రెండు మళ్ల వరి పొట్ట మీద ఉంది. అది పండితేనే ఆమెకూ, తల్లిలేని మనవలిద్దరికీ ఏడాది తిండి. సర్కారు రెవెన్యూ గిర్దావరును అడిగితే, తూము మాదే గాని అందులో బురద దొరవారి వైపుది అన్నాడు. దొర గుమాస్తా బురద కాలువదన్నాడు. జాగీర్దారు తరఫున పెత్తనం చేసే కారిందా, నీళ్లు పారనిదే అది కాలువే కాదన్నాడు. ఎంత లోతైన చర్చ! ఈలోగా వరి పసుపెక్కింది.

నిన్న సాలవ్వ పార పట్టుకుని తూములోకి దిగింది. నీళ్లు వదిలే నీరడి దేవన్న వద్దంటూనే తానూ దిగాడు. పొద్దు గూకేలోగా నీళ్లు పారాయి.

ఈ ఉదయం ముగ్గురు అధికారులూ ఒకే బండిలో వచ్చారు. హుకుం లేకుండా తూము ముట్టారని ఇద్దరినీ చావడి ముందు ఎండలో నిలబెట్టారు. ముగ్గురిదీ ఒకే మాట! ఫెడరేషను ఇంత చక్కగా కుదరడం ఏ దేశంలో చూస్తాం?

సాలవ్వ చేతులు జోడించింది.

"తూము పూడినప్పుడు మీరెవ్వలు రాలె. నీళ్లు పారినంక ముగ్గురొచ్చిండ్రు. మల్ల పూడితె ఎవలకు చెప్పుకోవాలె? గదొక్కటి చెప్పుండ్రి, బాంచెన్."

ముగ్గురూ ఆలోచించడానికి చావడి లోపలికి పోయారు. మధ్యాహ్నమైంది, ఇంకా ఆలోచిస్తున్నారు. వాళ్లిద్దరూ ఎండలోనే ఉన్నారు. నేను అరుగు మీద నీడలో కూర్చుని ఇది రాస్తున్నాను. సిగ్గుగానే ఉంది గాని, లేచి వాళ్ల పక్కన నిలబడడానికి ధైర్యం చాలడం లేదు.