కరువును పచ్చగా తీసిన కెమెరా

ఆ పొద్దున లింగప్ప పెట్టుకున్న పని చాలా చిన్నది. కంబదూరు దగ్గరి తమ ఊరి నుంచి భార్య సువర్ణతో అనంతపురం వెళ్ళి, ఒక డిజిటల్ కెమెరా కొని, మధ్యాహ్నం బస్సుకు తిరిగి రావాలి. కెమెరా సొంతానికి కాదు, ఊరి రైతు సంఘానికి. ఆయన దానికి కార్యదర్శి. పోయిన ఏడాది ఎండిన వేరుశనగ చేలను ఫోన్లలో తీసి పంపితే, వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన బొమ్మలు చెల్లవని అధికారులు పక్కన పడేశారు. ఊరు కరువు జాబితాకు ఎక్కలేదు. ఈసారీ ఎక్కకపోతే సగం ఊరు బెంగళూరుకు కూలికి పోవాల్సిందే.

అంగట్లో చివరికి రెండు కెమెరాలు తేలాయి. ఒకటి నల్లది, ఒకటి వెండి రంగుది. ధర ఇంచుమించు ఒకటే, రెండూ జేబులో పట్టేవే.

"నల్లదే మేలప్పా. దూరం చేను కూడా దగ్గరగా కనబడతాండాది," అంది సువర్ణ.

అంగడాయన వెండిదానితో లింగప్పను ఒక ఫోటో తీసి చూపించాడు. "దీంట్లో ఏది తీసినా అందంగా పడతాదన్నా!"

లింగప్ప చూశాడు. ఎండకు మాడిన ముఖం నిగనిగలాడుతోంది. బుగ్గల మీది మచ్చలు మాయం. తనకే తెలియని పెళ్ళికొడుకెవరో తెరలోంచి నవ్వుతున్నాడు. ఇంకేముంది, మనిషి పడిపోయాడు! కానీ ఆ మాట పైకి చెప్పుకోవడానికి నోరు రావాలి కదా.

"దీని లెన్సు గట్టిది. నీకు తెలీదులే," అన్నాడు. సువర్ణ ఆయన వంక ఒకసారి, తెర మీది పెళ్ళికొడుకు వంక ఒకసారి చూసింది.

రేపు చేలల్లో ఫోటోలు తీస్తామని ఊళ్ళో దండోరా వేయించడం రెండో తప్పు. ఫోటో అన్నాక మావైపు ఎవరైనా ఉన్నపాటున వచ్చి నిలబడతారా? ఓబులమ్మ కూతురి పెళ్ళినాటి ధర్మవరం పట్టుచీర కట్టుకొచ్చింది. రంగన్న ఇస్త్రీ చొక్కా తొడిగి, ముఖానికి పౌడరు దట్టంగా కొట్టి, మీసం దువ్వుకొని మరీ వచ్చాడు.

"ఏమప్పా రంగన్నా, కరువు ఫోటోకు ఇంత సోకా?" అని అడిగాడు లింగప్ప.

"పెద్ద సార్లు చూసే ఫోటో కదన్నా. మాసిన గుడ్డల్తో నిలబడితే ఊరి మర్యాద ఏం కావాల?"

అదీ నిజమే అనిపించింది లింగప్పకు. అలవాటుకొద్దీ "నవ్వండి" అని కూడా అన్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండకు తెర మీద ఏ బొమ్మా కనబడలేదు. మెమరీ కార్డు తీసుకెళ్ళి తిన్నగా వ్యవసాయాఫీసులో ఇచ్చేశాడు.

రెండ్రోజులకు మండల సమావేశంలో ఆ ఫోటోలను గోడ మీద వేశారు. అయ్యో దేవుడా! కాయ కట్టే ఊడ ఒక్కటీ మట్టిలోకి దిగని, పసుపు తిరిగిన చేను గోడ మీద పచ్చగా పొంగిపోతోంది. దాని ముందు ఓబులమ్మ పట్టుచీరలో పెళ్ళిపెద్దలా నవ్వుతోంది.

"వాన లేకుండా ఇంత పంటా! శనివారం చుట్టుపక్కల రైతులను మీ చేలకు తీసుకొస్తాను. మీ పద్ధతి అందరికీ చెప్పాలి," అన్నాడు వ్యవసాయాధికారి సంబరంగా.

"సార్, అదీ..." అని లింగప్ప లేచాడు. మిగతా మాట చప్పట్లలో కలిసిపోయింది. పైగా శాలువా కప్పారు.

"మా నోట్లో మన్ను కొట్టి నువ్వు శాలువా కప్పించుకొని వచ్చినావా?" అని ఓబులమ్మ నడివీధిలో నిలదీసింది. లింగప్ప శాలువా మడిచి చంకలో పెట్టుకొని ఇంటిదారి పట్టాడు.

శనివారం బస్సు నిండా రైతులు దిగారు. దిగినవాళ్ళకు దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు.

"యాడప్పా ఆ పచ్చ చేను?" అని ఒకాయన అడిగాడు.

అధికారి ముఖం కందగడ్డయింది. "ఫోటోలకు రంగులు పూసి నన్ను మోసం చేశారా? అదే రాస్తాను. ఇక మీ ఊరు జాబితా ముఖం చూడదు!"

లింగప్ప రంగన్నను చూశాడు, ఓబులమ్మను చూశాడు.

"మోసం కాదు సార్. ఆ కెమెరానే అట్లా తీస్తాది."

"మరి తెలిసి తెలిసి అలాంటిది ఎందుకు కొన్నారు?"

"చేను అట్లా పడతాదని తెలీదు సార్. దాంట్లో... నేను బాగా పడినా. అందుకని."

ఎవరో కిసుక్కుమన్నారు, ఆ వెంటనే రెండు ఊళ్ళకు వినబడేట్టు అందరూ నవ్వారు. లింగప్పకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. కట్టుకున్న భార్య ముందు, కన్న ఊరి ముందు, ముక్కూమొహం తెలియని జనం ముందు ఆ మాట అనాల్సి వచ్చింది.

"లెన్సు అంట, లెన్సు! నాకు ఆ పొద్దే తెలుసు," అంది సువర్ణ.

అధికారి ఆ కెమెరా తీసుకొని చేనును ఒకటి, లింగప్పను ఒకటి తీసి, ఎండ పడకుండా లింగప్ప కండువా చాటున తెర చూశాడు. చేను పచ్చగా ఉంది. పెళ్ళికొడుకు నవ్వలేదు గానీ నిగనిగలాడుతున్నాడు. అధికారి పెదవి కొరుక్కొని, "ఊరి పేరు జాబితాలో రాయండి," అని గుమాస్తాకు చెప్పాడు. ఓబులమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

సాక్ష్యానికని లింగప్పను చేను మధ్య నిలబెట్టి ఆఫీసు కెమెరాతో మరో ఫోటో తీశారు. అందులో చేను ఉన్నది ఉన్నట్టు పడింది. లింగప్ప కూడా.