బీరువాలో డిసెంబరు ఇరవై అయిదు

డిసెంబరు మొదటి సోమవారం ఉదయం పదిన్నరకు, రోము నగరపు పాత సూర్యదేవుడు తన పుట్టినరోజైన డిసెంబరు ఇరవై అయిదును తనకు తిరిగి ఇప్పించమని కొమ్మరపాడు తహసీల్దారు ఆఫీసులో అర్జీ పెట్టుకున్నాడు. కులం, ఆదాయం, నివాసం ధ్రువపత్రాల కోసం వచ్చినవాళ్ల వరసలోనే నిలబడ్డాడు. పక్కవాళ్ల కళ్లకు ఇబ్బంది కాకూడదని తల చుట్టూ ఉన్న కిరణాలకు మఫ్లర్ చుట్టుకున్నాడు. రోములో పాత దేవుళ్ల అర్జీలు చూసే విభాగం ఎప్పుడో ఎత్తేశారు. పైగా వస్తువు ఎక్కడ వాడుకలో ఉంటే అర్జీ అక్కడే పెట్టాలని రూలు. కొమ్మరపాడు పేటలో డిసెంబరు ఇరవై అయిదు క్రిస్మసుగా గట్టిగా వాడుకలో ఉంది.

అర్జీ తీసుకున్నది సీనియర్ అసిస్టెంట్ సువార్తమ్మ. ఆమెది ఆ పేటే. చర్చిలో సువార్తమ్మ, సర్వీసు రిజిస్టరులో సుభద్ర. బాప్తీసం పుచ్చుకుంటే పాత కులం ధ్రువపత్రం ఇవ్వరు కాబట్టి పేటలో చాలామందికి ఇంటికొక పేరు, ఆఫీసుకొక పేరు ఉంటాయి. రెంటిలో ఏది అసలుదని ఎవరూ అడగలేదు కాబట్టి ఆమెకు ముప్పై నాలుగేళ్లు చల్లగా గడిచిపోయాయి. ఆ నెలాఖరుకు రిటైరవుతుంది.

"ఏమేం కావాలి పెద్దాయనా?"

"పుట్టినరోజు ఒక్కటి చాలమ్మా. మీ చర్చి పటాల్లో తల వెనక వెలుగు కూడా నాదేనంటారు గానీ, అది ఉంచుకోమనండి. పదహారు వందల ఏళ్లయింది నన్ను ఎవరన్నా తలుచుకుని. ఏడాదికొక్క రోజు, అంతే."

ఫారంలో రెండే గళ్లు ఉన్నాయి: అరువు, అపహరణ. దేవుడు కలాన్ని ఒక గడి మీంచి ఇంకో గడి మీదకు జరిపాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో అంతా గందరగోళం, ఏది ఎలా పోయిందో సరిగ్గా గుర్తులేదన్నాడు. చివరికి మర్యాదగా ఉంటుందని అరువు గడిలో టిక్కు పెట్టాడు.

మూలం తేలేదాకా వివాదంలో ఉన్నది ఏదైనా ఆఫీసు బీరువాలో ఉండాలి. వీఆర్వో బాజీబాబు ఆ సాయంత్రమే పేటకు వెళ్లి డిసెంబరు ఇరవై అయిదును స్వాధీనం చేసుకుని, పాత పంచెలో మూటగట్టి తెచ్చాడు. బరువేమీ లేదు. లక్క సీలు వేసి బీరువాలో పెట్టారు. బీరువా లోపలి నుంచి ఎవరో దగ్గారు. అది మామూలే. ధ్రువపత్రాల విచారణ పూర్తికాని మనుషులు కూడా అందులోనే ఉంటారు.

మర్నాడు పేటలోనూ ఆఫీసులోనూ క్యాలెండర్లన్నిటిలో ఇరవై నాలుగు పక్కన ఒక తెల్లగడి, ఆ తర్వాత ఇరవై ఆరు ఉన్నాయి. ప్రభుదాసు పాస్టరుగారు పరుగున వచ్చారు.

"అమ్మా సువార్తమ్మా, నలభై కిలోల కేకు చెప్పేశానమ్మా. ఇరవై నాలుగున కొయ్యమంటావా, ఇరవై ఆరున కొయ్యమంటావా?"

"విచారణలో ఉందండి పాస్టరుగారూ," అంది సువార్తమ్మ. అన్నదే గానీ ఆమె కూడా క్యాలెండరు వైపే చూసింది. ఇరవై అయిదంటే ఆమెకు వాళ్ల నాయనమ్మ. ఉడికించిన మైదా పిండితో వెదురుబద్దలకు రంగుకాగితాలు అంటించి, లోపల కిరసనాయిలు బుడ్డి పెట్టి, ఇంటి ముందు పొడుగాటి గెడకు నక్షత్రం కట్టేది. కట్టేముందు గడపకు పసుపు రాసేది, కుంకుమ పెట్టేది. ఎర్రమట్టి అలికిన కుండలో బెల్లం పరమాన్నం వండేది. అప్పటి పాస్టరుగారు కోప్పడితే, "గడపకి మతమేందయ్యా?" అని ఆయన చేతిలోనే గిన్నెడు పరమాన్నం పెట్టేది. ఆ పరమాన్నం రుచి ఇంకెక్కడా తగల్లేదు. నాయనమ్మ పోయాక ఆ గెడా ఆ కుండా సువార్తమ్మ ఇంట్లోనే ఉన్నాయి. ఈ ఏడు గెడ నిలబెట్టడానికి రోజు లేదు.

ఏరు పుట్టుక, రుషి పుట్టుక అడక్కూడదంటారు గానీ, ఆ సామెత తహసీల్దారు ఆఫీసుకు వర్తించదు. విచారణ పద్ధతిగా సాగింది. రిటైరైన హిస్టరీ లెక్చరరుగారు వాంగ్మూలం ఇచ్చారు: పాత పండుగ మీదే కొత్త పండుగ పెట్టారని కొందరు పండితులంటారు, చర్చివాళ్లు వేరే లెక్కలు వేసుకుని తమంతట తామే ఆ తేదీకి వచ్చారని మరికొందరంటారు, ఎవరి దగ్గర ఎవరు తీసుకున్నట్టూ సంతకంతో కాగితం లేదు. ఆయన కాఫీ తాగి వెళ్లిపోయారు.

తర్వాత రూలు ప్రకారం అర్జీదారుని మూడు తరాలు అడిగారు. ఈ తేదీ మీకెలా సంక్రమించింది అన్న ప్రశ్నకు దేవుడు మఫ్లర్ సర్దుకున్నాడు.

"నాకూ ఎవరో ఇచ్చిందేనమ్మా. నాకంటే ముందు చలికాలంలో పగళ్లు మళ్లీ పొడుగవుతుంటే జనం నిప్పు చుట్టూ చేరేవాళ్లు. వాళ్ల పేర్లు నాకు తెలియవు."

"తెలియదు" అని రాసుకుంది సువార్తమ్మ. ఆ ముక్క రాస్తుంటే ఆమెకు ఆయన మీద జాలేసింది.

చిక్కంతా బాజీబాబు పంచనామాతో వచ్చింది. పేటలో ఈ తేదీకి తొలి సాక్ష్యం ఏమిటని అడిగితే, పెద్దలంతా సువార్తమ్మ నాయనమ్మ నక్షత్రాన్నే చెప్పారు. ఆ గెడ ఎక్కడిదంటే, పోలేరమ్మ జాతరలో జెండా కట్టిన గెడ అన్నారు. కుండ కూడా అమ్మవారికి పొంగలి వండిన కుండే. దాంతో పోలేరమ్మకు నోటీసు వెళ్లింది. ఆవిడ మెట్లెక్కి వచ్చి, ఎవరూ కూర్చోమనకుండానే తహసీల్దారుగారి ఎదుట కుర్చీలో కూర్చుంది.

"మీ గెడ, కుండ అరువు పోయాయా, అపహరణ జరిగిందా?" అని అడిగారు తహసీల్దారుగారు.

"అదేం మాటయ్యా? ఈ సువార్తమ్మ నాయనమ్మ అచ్చమ్మ నా పిల్ల. బాప్తీసం పుచ్చుకుని ఎస్తేరమ్మయింది, అవనీ. ఆడపిల్ల అత్తోరింటికి పోతా పోతా పుట్టింటి నుంచి ఏదోటి పట్టుకుపోద్ది. దాన్ని సారె అంటారు. సారె పెట్టి మళ్లీ ఎవురన్నా అడుగుతారా? నీకు పెళ్లి కాలేదా ఏంది?"

బెంచీ మీద కూర్చున్న సూర్యదేవుడు మఫ్లర్ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆఫీసు గోడలన్నీ ఒక్క నిమిషం పసుప్పచ్చగా అయ్యాయి. ఆయన ఏడుస్తున్నాడని సువార్తమ్మకు అర్థమైంది.

"నేనూ అదే రాయిస్తానమ్మా," అన్నాడు ఆయన. "తీసుకుపోలేదు. నేనే పెట్టాను. ఆ రోజున ఓసారి వచ్చి గడప దగ్గర నిలబడి చూసిపోతాను, అమ్మాయి ఇంటికి వెళ్లినట్టు."

"సారెకు ఫారంలో గడి లేదు," అన్నారు తహసీల్దారుగారు. ఆయన మంచివాడే. "గడి కోసం పైకి రాస్తాను. పదేళ్లు పట్టొచ్చు. ఈలోగా ఒక్కరోజుకు తేదీని వదలాలంటే జామీను కావాలి. మూలం తేలనిది ఇంకొకటి ఏదైనా దాని స్థానంలో బీరువాలో ఉండాలి."

సువార్తమ్మ గోడ మీది క్యాలెండరులో తెల్లగడి వంక చూసింది. తన సర్వీసు రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టింది. జామీను కాగితం మీద పేరు దగ్గర సువార్తమ్మ అని రాసి, దాని పక్కన సుభద్ర అని కూడా రాసింది. ఏది ఏ గడిలోకి వస్తుందో ముప్పై నాలుగేళ్ల అనుభవం ఉండి కూడా ఆమె చెప్పలేకపోయింది. తహసీల్దారుగారు అర్హత సరిపోయిందని సంతకం చేశారు.

ఇరవై అయిదు ఉదయం బాజీబాబు సీలు విప్పి తేదీని బయటికి తీశాడు. సువార్తమ్మ చెప్పులు బయట విడిచి బీరువా లోపలికి వెళ్లింది. కలరా ఉండల వాసన. కళ్లు అలవాటుపడ్డాక పేట మనుషులు కొందరు కనిపించారు. కాలేజీ సీటుకని ధ్రువపత్రం అడిగిన రూతు, మూలలో, జుట్టు నెరిసి ఉంది.

"నీదేంది పిన్నీ?"

"మూలం."

"మా అందరిదీ అదే. కాళ్లు ముడుచుకుంటే సరిపోద్ది."

తాళం సందులోంచి చూస్తే పేట కనిపించింది. పేటవాళ్లు నాయనమ్మ గెడ నిలబెట్టారు. పాస్టరుగారు కేకు కోస్తున్నారు. మఫ్లర్ లేకుండా ఒక ముసలాయన చర్చి గడప దగ్గర నిలబడి ఉన్నాడు. ఎవరో ఆయన చేతిలో గిన్నె పెట్టారు. అది పరమాన్నమే అయ్యుంటుందని సువార్తమ్మ అనుకుంది.

ఇరవై ఆరున బాజీబాబు తేదీని క్రమం తప్పకుండా తెచ్చి అప్పగించాడు. జామీనును విడుదల చేయాలి గానీ, కాగితం మీద రెండు పేర్లున్నాయి. ఇద్దరిలో ఎవరిని విడుదల చేయాలో తేలాలని తహసీల్దారుగారు పైకి రాశారు.  ఆ ఉత్తరం డ్రాఫ్టు సువార్తమ్మ తయారుచేసిందే, ఎన్నో ఏళ్ల కిందట, వేరేవాళ్ల కోసం. బీరువాలోకి తిరిగొచ్చిన తేదీ మూటను ఒళ్లో పెట్టుకుంది. ఇంకా బెల్లం వాసన వస్తోంది. రూతు కాస్త పక్కకు జరిగింది.