గోనెపట్టా సాక్షిగా

ఒక పెద్ద అడవిలో ఒక సింహం రాజ్యం చేసేది. రాజ్యం చేసేది అనడం అలవాటుకొద్దీ అంటున్న మాటే గాని, నిజానికి అది చేసేది సంతకాలు. కాగితాలు చదివే పని నక్క చూసుకునేది.

ఆ సంతకాల్లో ఒకదానివల్ల కర్రోడనే ఊరకుక్క ఏటి రేవుకి అధికారి అయ్యాడు. ఆ అడవిలో నీళ్లు తాగాలంటే ఎవరైనా రేవులో వరసకట్టి నిలబడాలి. అధికారి బంధువులు మాత్రం వరస లేకుండా పైమడుగులో తాగవచ్చు. ఆ రూలు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. అధికారులకైతే అసలే తెలియదు.

ఉత్తర్వు వచ్చిన రోజునుంచి కర్రోడు కర్రన్నగారయ్యాడు. పునుగుపిల్లి పొద్దున్నే వచ్చి ఆయన ఒంటికి పునుగు పట్టించి పోయేది. అంతటి అధికారి దగ్గర కుక్క కంపు కొడితే ఏం బావుంటుంది? ఆ ఘాటుకి వారం తిరిగేసరికి కర్రన్నగారి ముక్కు పనిచేయడం మానేసింది. ముక్కు పనిచేయని కుక్క ఉద్యోగానికి పనికొస్తుందా అని ఎవరూ అడగలేదు. అంతకుముందున్న అధికారికి చెవులు పనిచేసేవి కావు, ఆయన పదోన్నతి మీదే వెళ్లాడు.

ఇక చుట్టాలు పుట్టుకొచ్చారు. దుమ్ములగొండి తను పెదనాన్న కొడుకునంది. తోడేలు మేనమామనంది. మా ఇద్దరికీ బురదంటే ఒకటే ఇష్టం, ఇంకేం రుజువు కావాలని అడవిపంది నిలదీసింది. కుందేలు ఏ మాత్రం మొహమాటపడకుండా వియ్యంకుణ్నని చెప్పుకుంది.

సరిగ్గా అప్పుడే ఎర్రోడు వచ్చాడు. కర్రన్నగారికి వాడొక్కడే తోడబుట్టినవాడు. రెండు నెలల పిల్లలప్పుడు విడిపోయారు. అమ్మ పోయేముందు ఎర్రోణ్ని దగ్గరికి పిలిచి, నీకింక వాడే ఉన్నాడు, వాడి దగ్గరికి పో, నా వాసన తగిలితే వాడే గుర్తుపడతాడని చెప్పి, తను పడుకునే గోనెపట్టా చూపించింది. ఇద్దర్నీ ఈనింది ఆ గోనెపట్టా మీదే. దాన్ని నోట కరుచుకుని ఆరు రోజులు నడిచాడు ఎర్రోడు. దారిలో దాహం వేసినప్పుడల్లా ముందు దాన్ని గట్టుమీద పెట్టి, ఆ తర్వాతే నీళ్లలో మూతి పెట్టేవాడు. తడిస్తే అమ్మ వాసన పోతుందని వాడి భయం.

ఆఫీసు గుమ్మంలో నక్క అడ్డంపడింది.

"ఏం పని?"

"మా అన్నని చూడాలండి."

"ఇక్కడ ఆయన అందరికీ అన్నే. నీది నలభై ఒకటో దరఖాస్తు. అలా నిలబడు."

ఎర్రోడు గోనెపట్టా కిందపెట్టి సంగతంతా చెప్పాడు. నక్క మొహం వెలిగిపోయింది. ఇంతమంది చుట్టాల్లో ఎవరు అసలో ఎలా తేల్చాలో తోచక అది నాలుగు రోజులుగా తల పట్టుకుని కూర్చుంది. గోనెపట్టా వాసనా దరఖాస్తుదారు వాసనా కలిస్తే బంధువు, కలవకపోతే కాదు. పరీక్షాధికారిగా ఎలుగుబంటిని వేస్తే దాని నిజాయితీని ఎవరూ శంకించరు. పరీక్ష వారం తర్వాత. అంతవరకు గోనెపట్టా ఆఫీసు స్వాధీనంలో ఉండాలి. ఎర్రోడు ఇవ్వనని మొండికేశాడు. రసీదు ఇస్తామన్నారు.

ఆ వారం రోజులూ మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసు తలుపు ఓరగా తెరిచి ఉండేది. ఓ మాంసం ముక్క తెచ్చినవాళ్లు లోపలికెళ్లి గోనెపట్టా మీద తనివితీరా పొర్లి వచ్చేవారు. కుందేలు మాంసం ఎక్కణ్నుంచి తెచ్చిందో అడక్కండి. అందరికన్నా ముందు నక్కే పొర్లింది. ఎర్రోడు మాత్రం బయట వానలో నిలబడి రసీదు తడవకుండా చూసుకున్నాడు.

పరీక్ష రోజు వచ్చింది. ఎలుగుబంటి గోనెపట్టా వాసన చూసింది, దుమ్ములగొండి వాసన చూసింది. కలిశాయి. బంధువు అని రాసింది. తోడేలు బంధువైంది, పంది బంధువైంది, కుందేలు దూరపు బంధువైంది. ఎర్రోడి దగ్గరికొచ్చేసరికి ఎలుగుబంటి పాపం మూడుసార్లు వాసన చూసి, కలవడం లేదని తల అడ్డంగా ఊపింది.

ఎర్రోడు గోనెపట్టాలో ముక్కు పెట్టాడు. అందులో అడవంతా ఉంది, అమ్మ తప్ప. గద్దె మీదున్న కర్రన్నగారి దగ్గరికి వెళ్లాడు. అక్కడా పునుగు తప్ప ఇంకే వాసనా తగల్లేదు. అయినా అమ్మ మాట మీద నమ్మకంతో నోరు తెరిచాడు.

"అన్నా, నేనే."

కర్రన్నగారు వాడి వంక చూశారు. తోక కొస ఒకసారి కదిలింది. నక్క దగ్గింది. తోక ఆగిపోయింది.

"ఎక్కడో చూసినట్టే ఉంది," అన్నారాయన. "కాని నివేదికలో కాదని వచ్చింది కదా."

బంధువు కాడని పత్రం రాసి, ముద్రవేసి, ఎర్రోడి చేతికిచ్చారు. వెళ్లడానికి ఇంకో చోటు లేక వాడు రేవులోనే వరస చివర ఉండిపోయాడు.

నలభై మంది బంధువులు దిగాక పైమడుగులో నీళ్లకన్నా బురద ఎక్కువైంది. నెల తిరక్కుండానే సింహానికి దాహమై స్వయంగా వచ్చింది. నోట్లోకి వెళ్లిన బురదని ఉమ్మేసి, జీవితంలో మొదటిసారి తనే ఒక ఉత్తర్వు చెప్పి రాయించింది. రేవు అధికారిని బంధువర్గంతో సహా ఏరు దాటించవలెను.

గంటలో చుట్టరికాలన్నీ ఆవిరైపోయాయి. ఆ కుక్క ఎవరో తనకి తెలియనే తెలియదంది దుమ్ములగొండి. కుక్కకీ కుందేలుకీ వియ్యమేమిటండీ, కాస్త ఆలోచించండని కుందేలు ఏడ్చింది. ఆలోచించడం ఎలుగుబంటి విధుల్లో లేదు. అది పత్రాలు తీసి ఒక్కొక్కటే చదివింది. ఒకటో నంబరు నక్కది.

అందరూ ఏట్లో దిగారు. పదవి గట్టుమీదే పోయింది, పునుగు నడి ఏట్లో పోయింది. అవతలి ఒడ్డెక్కిన కర్రోడు ఒళ్లు విదిలించుకుంటూ ఉండగా ఇటు రేవు వైపునుంచి గాలి వీచింది. వాడి చెవులు నిక్కపొడుచుకున్నాయి.

"ఎర్రోడా," అన్నాడు.

ఆ పేరు ఏ దరఖాస్తులోనూ లేదు. అది అమ్మ పిలిచే పేరు.

ఎర్రోడు నీళ్లలో అడుగుపెట్టాడు. ఎలుగుబంటి అడ్డొచ్చింది. దానికి నిజంగానే వాడి మీద జాలి కలిగింది.

"నువ్వు వెళ్లక్కర్లేదు నాయనా. కాదని నీకు పత్రముంది."

ఎర్రోడు ఆ పత్రాన్నీ రసీదునూ దాని ముందు పెట్టాడు. గోనెపట్టా తిరిగి అడగలేదు. ఈదుకుంటూ అన్న దగ్గరికి వెళ్లిపోయాడు. బంధువు కాడు, కారణం తెలుపకుండా వెంట వెళ్లాడు అని ఎలుగుబంటి రిజిస్టరులో రాసుకుంది.

మర్నాడు ముంగిస రేవు అధికారిగా చేరింది. పునుగుపిల్లి పొద్దున్నే వచ్చింది.

నీతి: తోబుట్టువులను గుర్తుపట్టదలచినవారు ముందుగా తమ పదవి పోగొట్టుకోవలసిందిగా మనవి.