ఇనుము ముట్టని పెద్దరికం

ఆ రోజు పొద్దున మహానందిరెడ్డి పెట్టుకున్న పని చాలా చిన్నది. ఎద్దుల బండి కట్టుకుని కమలాపురం పోవాలి. చర్నాకోలకు కొత్త తోలు వేయించుకోవాలి. వచ్చే దారిలో పాపాఘ్ని ఏటి ఇసుకలో ఎద్దులచేత కాసేపు బండ లాగించి, ఎండ ముదరకముందే ఇల్లు చేరి వేడి జొన్నరొట్టె తినాలి. జాతర దగ్గరపడింది. జాతరనాడు బేతంచెర్ల నుంచి తెప్పించిన బండను లాగే పోటీలో, ప్రతి ఏడూ లాగే ఈ ఏడూ తన ఎద్దుల్ని తానే తోలాలి. అరవై దాటినా ఆయన ఒక్కసారి అదిలిస్తే ఎద్దులు చెవులు నిక్కించేవి. ఇంట్లో కోడళ్లు మాత్రం ఆ గొంతుకు ఎప్పుడో అలవాటు పడిపోయారు.

ఆయనకు కోపం రావడానికి కారణం అక్కర్లేదు. కానీ ఆ కోపాలన్నిటికీ తల్లివేరు ఒకటుంది. దాని పేరు శేషన్న. ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలు, గోడకు అటొకరు ఇటొకరు. ఒకే కరువు ఏడాది, ఒకే వారంలో పుట్టారు. కడుపుకు గంజి లేని రోజుల్లో ఎవరు ముందు పుట్టారో ఎవరు గుర్తు పెట్టుకుంటారు? అడిగితే తాత "ఇద్దరూ నాకు రెండు కండ్లురా" అనేవాడు. ఆ ముక్కే అంటూ తీర్పు చెప్పకుండానే పోయాడు.

కష్టమంతా అక్కడే వచ్చింది. మన భాషలో అన్న ఉన్నాడు, తమ్ముడు ఉన్నాడు. రెండూ కాని తోబుట్టువు లేడు. అన్నా అని పిలిస్తే ఓడిపోయినట్టు. పోనీ పేరుపెట్టి పిలుద్దామంటే ఆ పాడు పేరు చివరే అన్న కూచుని ఉంది. అందుకని మహానంది "ఏమప్పా" అనే మాటతోనే అరవై ఏళ్లు నెట్టుకొచ్చాడు. శేషన్నా అంతే.

ఇన్నాళ్లూ ఆ తగువు గోడ దాటలేదు. ఎందుకంటే వంశానికి పెద్దగా చిన్నాయన ఉండేవాడు. జాతరలో అమ్మవారి ముందు మొదటి తాంబూలం ఆయనకే. మొదటి తాంబూలం అందుకున్నవాడే పెద్ద. ఎవరింట్లో పెండ్లయినా పిలుపు మొదట అతని గడపకే పోవాలి, పంచాయితీలో చివరి మాట అతనిదే కావాలి. ఆ చిన్నాయన పోయిన పుష్యమాసంలో కాలం చేశాడు. ఈ ఏడు పూజారి పళ్లెం ఎవరి ముందు పెట్టాలి? ఆ మాట తలుచుకుంటే మహానందికి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

కమలాపురం ముసాఫిర్ బంగళా ముందు జీపు ఆగి ఉంది. ముసలీ ముతకా వరసగా నిలబడ్డారు. తెలిసినవాడే, కాంపౌండరు ఏసేపు, అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఏం ఏసేపూ, టీకాలా?" అని బండిమీదనుంచే అరిచాడు మహానంది.

"టీకాలు గాదు రెడ్డీ. పట్నం డాక్టరు వచ్చినాడు. వయసు పైబడేకొద్దీ నెత్తుట్లో ఇనుము, రాగి ఎట్ల మారతాయో చూస్తాడంట. మగోళ్లకు ఇనుము తగ్గుతా పోతాదంట, చెంబులు చేసే రాగి ఉండాది చూడు, అది పెరుగుతాదంట. ఆడోళ్లకు కాన్పులు నిలిచిపోయినాక ఇనుము పెరుగుతాదంట. ఈ పొద్దు పేర్లు రాసుకుంటారు, వచ్చే మంగళారం నెత్తురు తీస్తారు."

"అంటే నెత్తురు చూసి ఎవురు పెద్దోడో, ఎవురు చిన్నోడో చెప్పొచ్చన్నమాట!"

ఆ మాట అన్నది మహానంది కాదు. వరసలో ముందు నిలబడ్డ శేషన్న. మహానంది బండి దిగిన వేగానికి ఎద్దులు బెదిరాయి.

డాక్టరు కళ్లద్దాలు సర్దుకుని ఓపిగ్గానే చెప్పాడు. "వందలమంది రక్తం కలిపి చూస్తే తెలిసే సంగతి ఇది. ఒక్క మనిషి రక్తం చూసి వయసు చెప్పలేం." ఆ మాట ఆ ఇద్దరికీ తప్ప అక్కడున్న అందరికీ వినబడింది.

"వయసెంత?" అన్నాడు డాక్టరు కలం పట్టుకుని.

"అరవై మూడు," అన్నాడు శేషన్న.

"నాకు అరవై ఐదు," అన్నాడు మహానంది. ఆయన్ని ఎవరూ అడగలేదు.

"అరవై మూడు పోయినేటి మాట. ఇప్పుడు అరవై ఎనిమిది."

"డెబ్బై!"

"డెబ్బై నాలుగు!"

ఎనభై దాటేసరికి వరసలోని ముసలివాళ్లు ఈలలు వేయడం మొదలుపెట్టారు. శేషన్న ఎనభై ఆరు అనగానే డాక్టరు బల్ల గుద్దాడు. "ఇది వైద్యమా, చింతతోపు వేలంపాటా? ఎనభై ఆరు రాశాను. ఇంక నోరు మూయండి!"

మహానంది చర్నాకోల సంగతి మరిచిపోయి, ఇసుకలో బండ సంగతి మరిచిపోయి, పళ్లు నూరుకుంటూ ఇంటికి వచ్చాడు. వేలంపాటలో ఓడిపోయాడు గాని, రక్తంలో ఓడిపోదలుచుకోలేదు. మంగళవారంలోగా ఒంట్లో ఇనుము తగ్గాలి, రాగి పెరగాలి. అంతే కదా! ఆ ఇంటికి శని పట్టింది ఆ పూటే.

"ఇంట్లో ఇనుమనేది కంటికి కనపడగూడదు!" అని వాకిట్లోనే ప్రకటించాడు. రొట్టె పెనం, అట్లకాడ, బాణలి, కత్తిపీట అన్నీ ఎద్దుల కొట్టంలోకి పోయాయి.

భార్య కృష్ణవేణమ్మ నడుముమీద చేతులు పెట్టుకుంది. "కత్తిపీట లేకుంటే వంకాయ యాట్ల కోసేది? పండ్లతో కొరికేదా?"

"కొరుకు!"

"ఉండేదే నాలుగు పండ్లు. నీ పెద్దరికానికి అవి గూడా రాలగొట్టుకోవల్నా? నెత్తుట్లో ఇనుమంటే పెనం ముట్టుకుంటే ఎక్కేది, ముట్టుకోకుంటే దిగేదా? అదేమన్నా మైలా?"

"నీకేం తెల్సు? ముట్టుకుంటే గదా ఎక్కేది!"

మడి కట్టుకున్నవాళ్లు కూడా అంత నిష్ఠగా ఉండరు. చెప్పులకు ఇనప మేకులున్నాయని చెప్పులు విడిచాడు. కత్తి ఇనపదని మంగలిని వాకిట్లోనుంచే పంపేశాడు. బావి గిలక ఇనపదని గుర్తొచ్చి ఆ నీళ్లు మానేసి వంకనీళ్లు తెమ్మన్నాడు. తలుపు గొళ్లెం ముట్టడు. లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా "ఎవురుండారు ఈడ!" అని గోల. ఆకుకూరల్లో ఇనుముంటుందని ఎవరో చెప్పగానే ఆకుకూర ఎగిరిపోయింది. మునగాకు చెట్టుకే కాసిన పాపానికి మునక్కాయ కూడా వెలి పడింది. ఇక రాగి సంగతి చెప్పనే అక్కర్లేదు. పెండ్లిళ్లకు మాత్రమే దించే రాగి గంగాళం అటకమీదనుంచి దిగింది. అందులో రెండు కాళ్లూ పెట్టుకుని, రాగిచెంబుతో నీళ్లు తాగుతూ, చేతికి రాగి కడియం తగిలించుకుని కూచున్నాడు ఆ పెద్దమనిషి. ఎద్దుల కాళ్ల నాడాలు మాత్రం ఊడదీయించలేదు. పిచ్చికీ ఒక హద్దుంటుంది.

గోడ అవతల కూడా రాగిబిందెలు తోముతున్న చప్పుడు వినిపించేది. "శేషన్న రేత్రి కూడు మానేసినాడంట" అని ఒక కోడలు అంటే, మహానంది రాత్రి కూడూ మానేశాడు, పగటి కూడూ సగం చేశాడు. కృష్ణవేణమ్మకు ఒళ్లు మండిపోయింది. కోడళ్లను వెంటబెట్టుకుని కొట్టంలో పొయ్యి పెట్టి, అక్కడే పెనంమీద రొట్టెలు కాల్చి, ఎద్దులు చూస్తుండగా కడుపునిండా తినడం మొదలుపెట్టింది.

మంగళవారం వచ్చింది. బండి చక్రాలకు ఇనప పట్టా ఉంటుంది కాబట్టి మహానంది బండెక్కనన్నాడు. ఆ ఎండలో, ఖాళీ కడుపుతో, చెప్పుల్లేని కాళ్లతో కమలాపురం దాకా నడిచాడు. కృష్ణవేణమ్మ బండిలో వెనకే పోయి, రోడ్డు పొడుగునా తిట్టింది. బంగళాలో ఆయన రక్తం ఇచ్చాడు. ఆమె కూడా "నాదీ చూడు సామీ, ఈయప్పతో కాపరం చేసినాక ఏమన్నా మిగిలిందేమో" అని చెయ్యి చాచింది. తిరుగుదారిలో ఊరి పొలిమేర ఇంకా కనబడకముందే మహానంది కళ్లు తిరిగి పడిపోయాడు. దారినపోయేవాళ్లు కలిసి ఆయన్ని బండిలో వేశారు. ఇనప పట్టా సంగతి ఆయనకు తెలియదు గాని, తెలిసి ఉంటే దూకేసేవాడే.

బండి కంటే మాట ముందు పరుగెత్తింది. టీ అంగడి దగ్గర ఆయనకు సొమ్మసిల్లింది. రచ్చకట్ట దగ్గరికి వచ్చేసరికి నాడి అందడం లేదు. బండి ఇంటి వీధిలోకి తిరిగేసరికి ఆయన్ను దించడానికి వాకిట్లో మంచం కూడా వేసి ఉంది. ఆడవాళ్లు కొంగులు సిద్ధం చేసుకున్నారు.

మంచంమీద నీళ్లు చల్లగానే మహానందికి తెలివి వచ్చింది. కళ్లు తెరవబోతుండగా వీధిలోనుంచి ఏడుపు వినబడింది. అది శేషన్న గొంతు. మహానంది కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పోయినవాడి దగ్గర వరస పెట్టి పిలిచి ఏడవాల్సిందే. ఇన్నేళ్లూ ఏమప్పా అంటూ తప్పించుకున్నాడు, ఇప్పుడెట్లా తప్పించుకుంటాడో చూద్దాం! ఊపిరి బిగబట్టాడు. దాంతో చూసేవాళ్లకు ఇంకేం అనుమానం మిగల్లేదు.

శేషన్న రొమ్ము బాదుకున్నాడు. "అయ్యో! నన్నిడిసిపెట్టి పోతివే! గోడ పక్కన తోడుంటివే! ఇంక నేనెవురితో కొట్లాడల్ల!" అంటూ తలా తోకా లేకుండా చాలాసేపు ఏడ్చాడు. ఆ కన్నీళ్లు నిజమైనవే. ఇంతలో ఆ ఏడుపు తారస్థాయికి చేరింది.

"అన్నను నేనుండంగా ముందే పోతివే... తమ్ముడా!"

శవం లేచి కూచుంది. "ఎవుర్రా నీకు తమ్ముడు!"

వాకిలి క్షణంలో ఖాళీ అయింది. ఒక ముసలామె వెనక్కి నడుస్తూ గంగాళంలో కూలబడింది. "సచ్చినోడివి సచ్చినట్టు పండుకోక తగువేందప్పా!" అని శేషన్న, "నువ్వు తమ్ముడా అంటే పాడెమీదనుంచయినా లేస్తా!" అని మహానంది. కృష్ణవేణమ్మ కళ్లు తుడుచుకుని, కొట్టంలోకి పోయి పెనం తెచ్చి ఇద్దరి మధ్యా నేలమీద ధన్‌మని పడేసింది. "నెత్తురు ఇచ్చొచ్చినావు గదా! ఇంగ మూసుకోని రొట్టె తిను!" అంది. ఆయన తిన్నాడు. ఎన్ని తిన్నాడో అడక్కూడదు.

జాతర నాటికి ఒంట్లోకి ఓపిక వచ్చింది. అమ్మవారి గుడిముందు పందిరి వేశారు. అవతల పోటీ బండ, దాని పక్కన కొమ్ములకు పసుపు పూసుకున్న ఎద్దులు. మహానంది చేతిలో కొత్త తోలు వేసిన చర్నాకోల. పూజారి తాంబూలం పళ్లెం పట్టుకుని "పెద్దలెవురప్పా?" అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. అదిగో, అప్పుడు వచ్చింది జీపు.

డాక్టరు దిగుతూనే "మహానందిరెడ్డిగారు బతికే ఉన్నారా?" అన్నాడు. "మీ రక్తం చూసి హడలిపోయి వచ్చాను. నేను పరీక్ష చేసిన మగవాళ్లందరిలో ఇనుము మీకే తక్కువ. ఎనభై దాటినవాళ్లు కూడా మీకంటే నయం. మీ ఇంటావిడకే మీకు రెండింతలుంది."

"ఉండదా మరి? వారం పొడుగునా కొట్టంలో నేను రొట్టె తింటి గదా," అంది కృష్ణవేణమ్మ.

మహానంది ఆ మాట వినలేదు. "ఇన్నారా? అందరికంటే తక్కువంట! ఇంగ పెద్దోడెవురో చెప్పల్నా?" అని మీసం మెలేశాడు. శేషన్న మొహం మాడిపోయింది. తర్వాత ఎద్దులవైపు చూశాడు, చర్నాకోలవైపు చూశాడు. మెల్లగా ఆ మొహం విచ్చుకుంది.

"అన్నా," అన్నాడు.

మహానంది కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంగోసారి అను."

"అన్నా! నువ్వు పందిట్లోకి పోయి కూచో అన్నా. నెత్తురు లేని మనిషివి. ఎద్దుల్ని నేను తోల్తాలే."

"సరైన మాట," అన్నాడు డాక్టరు. "ఈయన ఎండలో నిలబడకూడదు. ఎద్దుల జోలికి అసలే పోకూడదు."

మహానంది నోరు తెరిచేలోగా చర్నాకోల చేతిలోనుంచి పోయింది, చేతికి విసనకర్ర వచ్చింది. "అన్నకు దిండు తెండప్పా! అన్నకు మజ్జిగియ్యండి! అన్న ముందర గట్టిగా మాట్లాడొద్దు, గుండె అదురుతాది!" అని శేషన్న ఒకటే హడావిడి. జన్మంతా ఆశపడ్డ మాట చెవుల్లో పడుతున్నకొద్దీ మహానందికి ఒళ్లు కారం రాసినట్టు భగభగ మండింది. అవతల శేషన్న ఎద్దుల్ని అదిలించాడు. అవి కదల్లేదు. తలలు తిప్పి పందిట్లో దిండుకు ఆనుకున్న మహానందివైపు చూశాయి.

అంతే. విసనకర్ర ఒకవైపు, దిండు ఒకవైపు ఎగిరిపోయాయి.

"నేను చిన్నోణ్ణి!" అని గుడిగంట అదిరేటట్టు అరిచాడు మహానంది. "డాక్టరుసామీ, వారం దినాలు ఇనుము ముట్టుకోకుండా, కూడు తినకుండా నెత్తురిచ్చినా! అంతా నా తిక్క! ఆయప్పే పెద్దోడు. అన్నా! ఓ శేషన్నా! నీకు దండం పెడతా, ఆ చర్నాకోల ఇట్లియ్యి!"

శేషన్న గర్వంగా మీసంమీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యిని డాక్టరు నాడి చూడటానికి అందుకున్నాడు. "అయితే ఎనభై ఆరని రాయించింది మీరే కదూ? ఆ వయసులో ఎద్దులు తోలుతారా? నడవండి పందిట్లోకి!"

"నాకేం ఎనభై ఆరు! మాట వరసకన్నా!" అని శేషన్న చెయ్యి లాక్కున్నాడు. "నేను చిన్నోణ్ణి సామీ! ఆయప్పే నాకు అన్న!"

"నువ్వే అన్న!"

"కాదు, నువ్వే!"

ఇద్దరూ చర్నాకోలకు చెరో కొస పట్టుకుని, ఒకరినొకరు అన్నా అన్నా అని బూతు తిట్టినట్టు తిట్టుకుంటూ బండ దాకా పోయారు. తాంబూలం పట్టుకుని పూజారి పొద్దువాలేదాకా నిలబడ్డాడు గాని, ఆ ఏడు ఆ వంశంలో పెద్దవాడంటూ ఎవరూ లేకపోయారు.